కోడలు పలుకగూడని పేరు

నా కొడుకును బడికి తయారు చేసుడు ఎంత పని అనుకున్న. పలక తెప్పిచ్చిన, బలపాలు తెప్పిచ్చిన. మా ఆయన పాత ధోతి చింపి సంచి కుట్టిన. పలకను ఉమ్మితోటి తుడువొద్దు, తడిగుడ్డతోటి తుడువాలె అని చెప్పిన. ఒంటికొస్తే వేలు చూపియ్యాలె, ముక్కు చొక్కకు రాయొద్దు అని పది దినాలు ఒకటే మంత్రం చదివిన. పెరట్ల ఇసుక పోసి అ ఆలు దిద్దిపిచ్చిన. నేను గట్టు ఊరి దిక్కు పిల్లను. రెండో తరగతిల ఉండంగ పెండ్లి చేసి ఈ పాన్‌గల్ పక్కూరికి తోలిండ్రు. అత్తోరింట్ల అక్షరం ముక్క వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఇంట్ల ఎవ్వరు ఎత్తకపోదురు, అదేదో దాచిపెట్టాల్సిన రోగమన్నట్టు.

అన్ని నేర్పిన గాని వాని పేరు వానికి నేర్పలే. నవ్వకుండ్రి. మా ఇంటి కత వింటే మీకే తెలుస్తది.

వాడు పుట్టేటందుకు ఆరు నెలల ముందు మా మామ పోయిండు. తర్వాత పుట్టింది మగపిల్లగాడు కాబట్టి మామనే మల్ల వచ్చిండని మా అత్త తీర్పు చెప్పింది. మామ పేరే పెట్టిండ్రు. ఇగ ఆ పేరు పలికేదెవరు? అత్త పలుకదు, మొగని పేరాయె. నేను పలుకగూడదు, మామ పేరాయె. మా ఆయన పలుకడు, కన్నతండ్రి పేరాయె. గింత మంచి పేరు పెట్టి, సందుగల వెట్టి తాళమేసుకున్నం. అత్త వాన్ని ‘పెద్దాయన’ అనేది. మా ఆయన ‘నాయన’ అనెటోడు. నేను ‘ఇగో’ అనేదాన్ని. ఇగో, రొట్టె తిను. ఇగో, బర్రె కాడికి పోకు. మా వోడు ‘ఇగో’ అంటే చాలు, యాడున్నా ఉరికొస్తుండె.

ఆ పెద్దాయనకు జరిగిన మర్యాదలు ఏ దొరకు జరుగలే. మా ఆయన పొద్దంత దున్ని వచ్చినా ఆయనకు రెండో రొట్టెనే, మొదటిది ఐదేండ్ల పెద్దాయనకు. ఒకనాడు ఆరబోసిన పల్లి బుడ్డల మీద ఒంటికి పోసిండని వీపుల ఒక్కటిచ్చిన. అత్త రొమ్ము గుద్దుకున్నది.

“మామ మీద చెయ్యి లేపినవా! ఏడనన్న ఉందానే గిట్ల?”

ఏడ లేదత్తా, మామ వచ్చి బుడ్డల మీద ఒంటికి పోసుడు గూడ ఏడ లేదు అన్న. నోటితోటి కాదు, లోపల.

బడి మా ఊరి చావడిల ఆ ఏడే తెరిచిండ్రు. ఒక్కడే పంతులు. చుట్టు నాలుగూర్లకు అదొక్కటే బడి. అత్తకు అది సుతరాం ఇష్టం లేదు. “మీ మామ పోయిండా బడికి? ఏం తక్కువైంది ఆయనకు?” అంటుండె. నేను రెండు నెలలు మా ఆయన పానం తిని ఒప్పిచ్చిన. ఆయన ఒప్పుకుంటనే ఒక మాటన్నడు. “ఒక్కసారి పంపుత. అండ్ల నిలువకుంటె ఎడ్ల ఎంబడి పోతడు. మల్ల నా నెత్తి తినొద్దు.” ఎడ్ల ఎంబడి పోయిన పిల్లగాడు మల్ల పలక ముట్టుడు నేను ఏడ చూడలే. నా పలక పోయినట్టు వాని పలక పోగూడదని ఒక్కటే ఉండె నా మనసుల.

మా ఆయన తోలుకపోయి చేర్పిచ్చిండు. చెయ్యి నెత్తి మీదికెళ్లి పోనిచ్చి అవతలి చెవు అందుతుందా అని చూసిండట పంతులు. అందితే ఈడొచ్చినట్టు. చెవు అందింది, పేరు రాసుకున్నడు. ఆ ఒక్క నిమిషం మా ఆయన నోట్లకెళ్లి తండ్రి పేరు వచ్చింది, సర్కారు పని కాబట్టి. పెద్దాయన గప్పుడు చావడి గోడ మీది తొండను చూస్తుండెనట.

మొదటినాడు బడి విడిచినంక ఏం జెప్పిండ్రురా అంటే “ఏం లే” అన్నడు. రెండోనాడు ఉషారుగ వచ్చిండు.

“అమ్మా, పంతులు రోజు తాతను పిలుస్తుండే! పాపం తెల్వనట్టుంది. చచ్చిపోయిండు సార్ అని చెప్పిన. అందరు నవ్విండ్రు.”

ఏటా తద్దినం నాడు బాపనాయన ఆ పేరు చదువుతుంటె, అది సచ్చినాయన పేరని వాని బుర్రల కూసున్నది. ఆ పొద్దుమీకి మా ఆయన పంతులుతోటి చీవాట్లు తిని వచ్చిండు. కండ్ల ముందట సంచి వేసుకొని కూసున్న పిల్లగాన్ని రెండు దినాలు గైర్‌హాజర్ రాసిండట ఆ మహానుభావుడు. నోటితోటి ‘హాజర్’ అంటెనే హాజర్, అది కాయిదా అన్నడట. కొత్తగ చేరినోడు వరుసగ మూడు దినాలు గైర్‌హాజర్ అయితే పేరు కొట్టేసుడు గూడ కాయిదానే. ఎవరు చేసిండ్రో గాని, ఆ కాయిదాలు చేసినోల్ల తెలివికి దండం వెట్టాలె.

మా ఆయన వాన్ని కూసోపెట్టి, “అది నీ పేరే నాయన” అని చెప్పిండు. వాడు నా దిక్కు చూసిండు.

“అవునా అమ్మా?”

అవునని తల ఊపిన.

“అయితే పిలువు.”

అత్త గడప మీద కూసొని బియ్యం ఏరుతున్నది. ఆమె చేతులు ఆగినయి.

“అమ్మ పిలుస్తలేదు. అది నాది గాదు,” అని లేచి పోయిండు.

తెల్లారి వాన్ని బర్రెల కొట్టంకు తోలుకపోయిన. ఆడ అత్త లేదు, ఎవ్వరు లేరు. నోరు తెరిచిన. రాలే! పొద్దందాక తిట్టుమంటె తిడ్త, నాకు నోటి తీట ఉందని ఊరంత తెల్సు. గని ఆ పేరు మాత్రం గొంతుల అడ్డం పడ్డది. బర్రె గూడ నా దిక్కు వింతగ చూసింది. పలక మీద రాసి చూపిచ్చిన. “ఏమని రాసినవ్?” అన్నడు. నా తెలివి తెల్లారినట్టే ఉండె.

వాడు బడికి పోయిండు. నేను అంట్ల ముందల కూసున్న. ఒక్క గిన్నె తోమలే. లేచి, కొంగు నెత్తి మీద కప్పుకొని, చావడికి నడిచిన. మా ఇంటి కోడలు అట్ల బజార్ల నడిచింది అదే మొదలు.

పంతులు రిజిస్టర్ చదువుతుండు. మా వోని పేరు పిలిచిండు. వాడు పలుకలే. మల్ల పిలిచిండు. వాడు కాలి బొటనవేలు చూసుకుంట కూసున్నడు. పంతులు కలం సిరాల ముంచిండు.

“ఒరేయ్!” అని నేను గడప కాడ్నుంచి పేరు వెట్టి కేకేసిన. ఊరందరికి వినపడేటట్టు, మామ పేరును ఒరేయ్ తోటి కలిపి పిలిచిన.

వాడు ఎగిరి నిలబడ్డడు. “హాజర్!” అన్నడు. పంతులు రాసుకున్నడు.

“రోజు నువ్వు రావాల్నా ఏందమ్మా?” అని అడిగిండు.

“అక్కర్లేదు సారు. ఇగ పలుకుతడు,” అన్న.

నేను పోయెలోపల్నే ముచ్చట ఇంటికి పోయింది. అత్త వాకిట్ల ఉన్నది. ఈ పొద్దు నన్ను గట్టుల మా తల్లిగారింటికి తోలిస్తది అనుకున్న. జవాబులు గూడ దారిపొంటి తయారు చేసుకున్న.

“పేరు వెట్టి పిలిచినవట,” అన్నది.

“పిలిచిన.”

“పలికిండా?”

“పలికిండత్తా.”

ఆమె నా మొకం చూడలే. కొంగుతోటి మూతి తుడుచుకున్నది.

“ఆయన పోయేనాడు మంచం చుట్టు ఉన్న ఊరి పెద్దోళ్లందరు పేరు వెట్టి పిలిచిండ్రే. నేనొక్కదాన్ని ఏమయ్యా, ఏమయ్యా అనుకుంట కూసున్న. ఆయన నా దిక్కు చూడలే. నేను గూడ పేరు వెట్టి పిలిస్తె చూస్తుండెనో ఏమో.”