విప్పని పుస్తకాల కట్ట

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను: నా మాటంటే మా వీధిలో ఎవరికీ పూర్తి నమ్మకం లేదు. ఈయన చెప్పినదాంట్లో సగం తీసేసి మిగతాది వినండని మా ఆవిడే అందరికీ చెబుతుంటుంది.

అరకు నుంచి జీపులో గంట దూరంలో ఉన్న ఒక మండల కేంద్రంలో, సంత మైదానం పక్కనున్న చిన్న లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాను. మాది కింద, శ్రీకాకుళం వైపు. ఈ చలికి అలవాటుపడిన మోకాళ్ళు మళ్ళీ ఆ ఎండకు దిగలేమన్నాయి.

టీ కొట్టు దగ్గర నేను చెప్పే కథ ఒకటుంది. మా లైబ్రరీకి వచ్చే సోమన్న అనే కొండ రైతు పోయిన పదకొండో రోజున జిల్లా కేంద్రం నుంచి కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. నేను కత్తి తెచ్చేలోపు దాని ప్లాస్టిక్ కట్టు దానంతటదే ఫట్‌మని తెగింది. పైనున్న పుస్తకం తెరుచుకుంది. సోమన్న పేరున్న పేజీలో మూడు సామగింజలు. గదినిండా ఆయన కాల్చే చుట్ట వాసన.

ఇక్కడ ఆగి టీ తాగుతాను. జనం నా గ్లాసు వంకే చూస్తుంటారు. ఒకాయనైతే ఇదే కథని తన తోడల్లుడికి జరిగినట్టు తిరిగి నాకే చెప్పాడు.

అందులో కట్టు తెగడం అబద్ధం. నేనే కోశాను, కూరగాయల కత్తితో. చుట్ట వాసనా అబద్ధమే. గింజలు నిజం, కాని అవి వచ్చిన దారి వేరు. ఇప్పుడు మీరు రాసి ఇమ్మని అడిగారు కాబట్టి మసాలా తీసేసి రాస్తున్నాను. మసాలా తీసేస్తే కథ చప్పబడుతుందనుకున్నాను. అలా జరగలేదు, అదే నా బాధ.

సోమన్నది కొండ మీది ఊరు. తారు రోడ్డు నుంచి రెండు గంటల నడక. కాఫీ కొంచెం, మిరియాలు కొంచెం, సామ, రాగి పండించేవాడు. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం సంతకొచ్చి, పసుపో చింతపండో అమ్ముకుని, మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చేవాడు. కథల పుస్తకాలు ముట్టేవాడు కాదు. "జరగనివి నాకెందుకు బాబూ" అనేవాడు. చరిత్ర, చెట్ల గురించి, జంతువుల గురించి, ఎవరైనా రాసుకున్న తమ జీవితం, వీటితోపాటు పాటల్లాంటి కవిత్వం చదివేవాడు. ఒక్కో పద్యాన్ని వేలు పెట్టి మూడుసార్లు చదివేవాడు.

గుమ్మంలో నిలబడేవాడు. రమ్మంటేనే లోపలికొచ్చేవాడు. ఎన్నేళ్ళయినా అంతే.

ఈ కొండల్లో పంట చేతికొచ్చినా 'కొత్త' చెయ్యందే నోట పెట్టరు. మామిడికైనా సామకైనా ముందు కొత్త పండుగ చేసి, ఆ పంటను దేవతకీ పోయిన పెద్దలకీ పెట్టాకే ఇంట్లోవాళ్ళు తినాలి. సోమన్న దీన్ని పుస్తకాలకు కూడా పట్టించాడు. కొత్త పుస్తకం తియ్యబోయే ముందు పంచె ముడిలోంచి మూడు సామగింజలు తీసి గుమ్మం మీద పెట్టేవాడు.

"ఎలకలొస్తాయి సోమన్నా" అన్నానొకసారి.

"రానీ బాబూ. ఆటికీ సదువొస్తాది."

ఆయన ఎదురుచూసిన పుస్తకం ఒకటే. విశాఖపట్నం నుంచి ఒక లెక్చరర్ మేడమ్ వచ్చి, కొండ ఊళ్ళు తిరిగి, పాటలు రికార్డు చేసుకుని వెళ్ళింది. సోమన్న వాళ్ళ అమ్మ విత్తనాలప్పుడు పాడే పాట ఆయన ఒక్కడికే మొత్తం వచ్చు. ఎలుకకొక గింజ, పిట్టకొక గింజ, దారినపోయేవాడికొక గింజ అంటూ పంచుకుంటూ పోయే పాట. పిల్లలెవరూ నేర్చుకోలేదు. అది అచ్చులో పడితే చాలు, తర్వాత తను పోయినా ఫరవాలేదనేవాడు. పుస్తకం తయారైంది, లైబ్రరీలకు పంపుతున్నారని మేడమ్ ఎవరి చేతో కబురు పెట్టింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం గుమ్మంలో అదే ప్రశ్న.

"ఒచ్చిందేటి బాబూ?"

"రాలేదు సోమన్నా."

"ఒత్తాదిలే. కొండెక్కాలి కదా, ఆయాసమొత్తాది దానికీ."

ఇక్కడ ఒక విషయం దాచి ఇన్నాళ్ళూ బతికాను. టీ కొట్టు దగ్గర చెప్పినట్టు కట్ట సోమన్న పోయాక రాలేదు. దీపావళి ముందే వచ్చింది. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. వెనక గదిలో గోడవార పెట్టాను. దాని మీద పాత పేపర్లు పేర్చాను.

ఎందుకు విప్పలేదంటే సోమరితనం. కట్ట విప్పితే అందులోని ప్రతి పుస్తకానికీ రిజిస్టరులో నంబరు వెయ్యాలి. ముందు పేజీలో ఒక ముద్ర, బయటివాళ్ళకు చెప్పని ఒక లోపలి పేజీలో ఇంకో ముద్ర, వెనక అట్టకు గడువు చీటీ, వీపు మీద నంబరు. ఇవన్నీ అయ్యేదాకా పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. నాకు రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. వచ్చేవాడు చేసుకుంటాడులే అనుకున్నాను. అందులో సోమన్న పుస్తకం ఉందని నాకు తెలియదు. తెలుసుకోవడానికి పైన అంటించిన కవరు చింపి జాబితా చూస్తే చాలు. అదీ చెయ్యలేదు.

ఆరు శుక్రవారాలు ఆ మనిషి ముఖం మీద "రాలేదు" అన్నాను.

ఏడో శుక్రవారం సంగతి చెప్పాలి. చలి బాగా ముదిరింది. మధ్యాహ్నం మూడింటికే మంచు దిగి, సంతలో దుకాణాల మీది నీలం పట్టాలు కూడా కనపడటం లేదు. లైబ్రరీలో నేనొక్కడినే. తలెత్తితే సోమన్న గుమ్మంలో ఉన్నాడు. ఎప్పటి తెల్ల పంచె, భుజాన గోధుమరంగు దుప్పటి. సంచీ లేదు. లోపలికి రా అన్నాను. రాలేదు.

ఆ రోజు "ఒచ్చిందేటి" అని అడగలేదు.

"ఇంకా ఇప్పనేదా బాబూ?" అన్నాడు.

ఏది విప్పడం అన్నాను. ఆయన నన్ను చూడలేదు, నా వెనక మూసి ఉన్న గది తలుపు వైపు చూశాడు. చిన్నగా నవ్వాడు. నేను సిగ్గుతో రిజిస్టరులోకి తల దించాను. మళ్ళీ ఎత్తేసరికి గుమ్మంలో మంచు తప్ప ఏమీ లేదు. నా గుట్టు ఎవరో చెప్పేశారనుకున్నాను. జీపు నుంచి కట్ట దింపిన మనిషి చెప్పి ఉంటాడనుకున్నాను. వచ్చే వారం విప్పేద్దామని కూడా అనుకున్నాను.

తర్వాతి వారం సంతలో ఎవరో చెప్పారు, సోమన్న సోమవారం నాడు పోయాడని. ఆ రోజూ కట్ట విప్పలేదు. అప్పుడు సోమరితనం కాదు, భయం.

ఆ పై శుక్రవారం ఆయన భార్య చిలకమ్మ వచ్చింది. ఆవిడకి చదువు రాదు. అంతకుముందు ఎన్నడూ లైబ్రరీ మెట్టెక్కలేదు. ఆయనలాగే గుమ్మంలో నిలబడింది.

"బాబూ, మా ముసిలోడి బుక్కు ఇయ్యి."

"ఇంకా రాలేదు చిలకమ్మా" అన్నాను. అలవాటైన నోరు.

"ఒచ్చింది. పేపర్ల కింద ఉన్నాదంట. సెప్పినాడు."

కోపం లేదు ఆ గొంతులో. పోయే ముందు రోజు ఆయన మంచంలో పడుకుని ఒకటే నవ్వాడట. ఏటా నవ్వని అడిగితే, "బుక్కులో నా పేరెట్టి, గెడ్డపోడి బొమ్మేసినారే. మా యమ్మ పాట మాత్రం ఒక్క ముక్క తప్పకుండా ఏసినారు" అన్నాడట.

"గెడ్డపోడా?" అన్నాను. సోమన్నకు జీవితంలో గడ్డం లేదు. వారం వారం సంతలో మంగలి ముందు కూర్చునేవాడు.

"నాకేటి తెలుసు బాబూ. సూసి నువ్వే సెప్పు."

వెనక గది తలుపు తీశాను. నా వెంటే వచ్చింది. పేపర్లు ఒక్కొక్క దొంతరే దింపుతుంటే దుమ్ము లేచింది. ఆ దుమ్ము ఎన్ని వారాలదో చదువు రానివాళ్ళకు కూడా తెలుస్తుంది. ఆవిడ చూసింది. కట్టు జిల్లా కేంద్రంలో బిగించింది బిగించినట్టే ఉంది. కత్తితో కోశాను.

అన్నీ చరిత్రలు, ప్రయాణాలు, జీవితకథలు, కవిత్వం. నవల ఒక్కటీ లేదు. సోమన్న కోసమే ఎవరో ఏరి పంపినట్టు. టీ కొట్టు దగ్గర పుస్తకాలు వంద అంటాను. ముప్పై ఆరు. ఆ పుస్తకం పైన లేదు, తనంతట తెరుచుకోనూ లేదు. అడుగు నుంచి మూడోది. కొత్త పుస్తకం కదా, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఒక్కోటీ విడదీస్తూ వెళ్ళాను.

పాట ఉంది. కింద సోమన్న పేరు, ఊరి పేరు. పక్కన ఫోటో. గుండెల దాకా తెల్లగడ్డం ఉన్న ఒక ముసలాయన. నేనెప్పుడూ చూడని మనిషి.

చిలకమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఈడెవుడో బాగున్నాడు" అంది. తర్వాత పాట చదవమంది. చదివాను. ఎలుక, పిట్ట, దారినపోయేవాడు అయ్యాక ఆఖరి చరణం వచ్చింది. గుమ్మంకాడ నిలబడి లోనికి రానోడికి ఒక గింజ. అక్కడ చదవడం ఆపేశాను. ఆవిడ మిగిలింది తనే అందుకుని పూర్తిచేసింది.

ముద్ర వెయ్యలేదు, నంబరు వెయ్యలేదు. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టేశాను. నా సర్వీసులో రిజిస్టరు ఎక్కకుండా బయటికి పోయిన పుస్తకం అదొక్కటే. నెల తర్వాత తిరిగి తెచ్చిచ్చింది. ఇంట్లో పుస్తకానికి 'కొత్త' చేశారట, మనవరాలి చేత పాట చదివించారట. ఆ పేజీలో మూడు సామగింజలున్నాయి. మీకు చెప్పిన గింజలు అవే. కాగితం మీద గుంటలు కూడా పడ్డాయి.

తర్వాత మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆ గడ్డం మనిషి ఒడిశా సరిహద్దు ఊరివాడట. ప్రెస్సులో ఫోటోలు తారుమారయ్యాయి, పుస్తకాలు బయటికొచ్చాక గాని చూసుకోలేదు, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు అంది. కొండ మీదికి మళ్ళీ రాలేదు, ఎవరినీ పంపలేదు. సోమన్న ఊళ్ళో ఫోన్ పలకదు. ఈ చుట్టుపక్కల మరో కాపీ ఉన్నట్టు నేను ఎంత అడిగినా తేలలేదు. కట్ట మా వెనక గదిలో ఉందని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. లోపల గడ్డం ఉందని చెప్పేదెవరు?

ఇంతవరకైనా టీ కొట్టు దగ్గర చెప్పి ఉండొచ్చు. చెప్పలేకపోయింది ఇంకొకటి. అది చెబితే కట్ట అప్పటికే నా దగ్గర ఉందని ఒప్పుకోవాలి. దాన్ని కప్పడానికే తెగిన కట్టూ చుట్ట వాసనా అల్లాను.

చిలకమ్మ పుస్తకం తీసుకుని మెట్లు దిగుతుంటే అన్నాను, "పోయే ముందు శుక్రవారం కూడా వచ్చాడు చిలకమ్మా. ఆరోగ్యంగానే కనిపించాడు. ఆ రోజైనా ఇవ్వాల్సింది."

ఆవిడ ఆగింది. నా ముఖంలోకి చూసింది.

"ఏ శుక్రారం బాబూ? ఎనిమిది రోజులు మంచం దిగనేదు. పక్కకు తిప్పాలన్నా ఇద్దరం పట్టేవోళ్ళం."

గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి లెక్కపెట్టాను. రెండుసార్లు. సోమవారం నుంచి వెనక్కి ఎనిమిది రోజులు. ఆ శుక్రవారం వాటి మధ్యలోనే ఉంది.

చిలకమ్మ పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది. "నువ్వు సూపించనేదు. ఆడే ఒచ్చి సూసుకున్నాడు" అని వెళ్ళిపోయింది. అది నన్ను క్షమించడమో, తిట్టడమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ కథ నిజమైతే నా తప్పు కొంచెం తేలికవుతుంది. అందుకే నా సాక్ష్యాన్ని నేనే అనుమానిస్తాను. మంచులో ఇంకెవరినో చూసి ఉంటాను. గొంతు నా మనసే పలికించి ఉంటుంది. గడ్డం సంగతి మాత్రం దీనికి లొంగదు.

ఇప్పుడున్న లైబ్రేరియన్ అమ్మాయి కొత్త కట్ట వచ్చిన రోజున నాకు ఫోన్ చేస్తుంది. వెళ్ళి, అదే గంటలో దగ్గరుండి విప్పిస్తాను. ముందు గుమ్మం మీద మూడు గింజలు పెడతాను. ఎలకలొస్తాయి మాస్టారూ అంటుంది ఆ అమ్మాయి. రానీ, వాటికీ చదువొస్తుంది అంటాను.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కాని గింజలు పెట్టేటప్పుడు తల మాత్రం ఎత్తను.