దారం బాబాయ్ ఎందుకు నవ్వాడు

రెండు వేళ్లు పోయిన మనిషి నవ్వుతూ పనిలోకి వస్తే ఎవరికైనా అనుమానం రాదా? నాకు వచ్చింది. మామూలుగానే నాది అనుమానపు బుద్ధి. ఎవరైనా పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాను.

మా బైండింగ్ షెడ్డులో ఆయన్ని అందరూ దారం బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడు. ఆయన కుట్టిన పుస్తకంలో పేజీ ఊడదు. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక క్రీస్తు పాట ఆడుతూ ఉంటుంది. నాది కటింగ్ మిషన్. కాగితాల కట్టను కత్తి కింద సర్దేవాడు ఒకడు, మీట లాగేవాడు ఒకడు. లాగే ముందు "చెయ్యి?" అని అరవాలి. అవతలివాడు "తీశా" అన్నాకే లాగాలి. ఆ రోజు సర్దుతున్నది బాబాయ్. నేను ఫోన్ చూసుకుంటూ, అరవకుండానే లాగేశాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తెగిపోయాయి. సూది పట్టే వేళ్లు.

ఆసుపత్రిలో యజమాని అడిగితే, "తీశానని చెప్పి మళ్లీ నేనే పెట్టానండి" అన్నాడట బాబాయ్. ఆ మాట వినగానే నా ప్రాణం లేచి రావాలి. రాలేదు. ఊరికే ఎవడు ఎవణ్ని కాపాడతాడు?

నలభై రోజులకు పనిలోకి వచ్చాడు. కట్టను కుడి అరచేత్తో అదిమిపెట్టి, ఎడమచేత్తో కుట్టడం మొదటినుంచీ నేర్చుకున్నాడు. సూది గుచ్చుకుంటే నవ్వు. దారం చిక్కుపడితే నవ్వు. నన్ను చూసి "తిన్నావురా?" అని ఇంకో నవ్వు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన యజమాని గదివైపు నడిచినప్పుడల్లా నేను పని ఆపి చెవులు రిక్కించేవాణ్ని. సమయం చూసి దెబ్బ కొడతాడని గట్టిగా నమ్మాను.

ఒక ఆదివారం ఆయనకు తెలియకుండా వెనకే వెళ్లి, చర్చి కిటికీ పక్కన నిలబడ్డాను. అందరికంటే గట్టిగా పాడాడు. ముఖం వెలిగిపోతోంది. తర్వాత ప్రభు బల్ల. రొట్టె ముక్కల పళ్లెం వరసలో వచ్చింది. బాబాయ్ తీసుకోలేదు. తల వంచుకుని పక్కనున్న పిన్నికి అందించాడు. ద్రాక్షరసం గిన్నె వచ్చినా అంతే. మనసులో మచ్చ ఉన్నవాళ్లు అవి ముట్టకూడదంటారు. దొరికావు బాబాయ్, అనుకున్నాను. పైకి పాటలు, లోపల పగ.

మర్నాడు అందరూ భోజనానికి వెళ్లాక అడిగేశాను.

"నా దగ్గర నీకేం కావాలి బాబాయ్?"

"ఏం అక్కర్లేదురా."

"మరి ఆ నవ్వేంటి? నిన్న రొట్టె ఎందుకు తీసుకోలేదు?"

"చూశావా? లోపలికి రావాల్సింది." సూది పక్కన పెట్టాడు. "ఆసుపత్రిలో నీ పిల్లలు గుర్తొచ్చి అబద్ధం ఆడేశాను. ఇంటికెళ్లాక ఒళ్లు మండింది. నీ చెయ్యి కూడా తెగాలని రోజూ ప్రార్థన చేశా. ప్రభువు వినలేదు. అడిగి అడిగి, నా మీద నాకే రోత పుట్టి ఏడ్చాను. ఏడుస్తుంటే ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంది. వేళ్లు రాలేదు, సంతోషం వచ్చింది. వచ్చింది పోవట్లేదు, నన్నేం చెయ్యమంటావు?"

"మరి రొట్టె?"

"అబద్ధం పెట్టుకుని ఆ బల్ల దగ్గర చెయ్యి చాపలేకపోతున్నా. నిజం చెబితే నీ పని పోతుంది. అందుకే ఆగాను."

"ఎన్నాళ్లు ఆగుతావు?"

"నువ్వు చెప్పేదాకా. చెప్పకపోయినా నిన్నేం అడగను."

నిజం చెప్పొద్దూ, ఇదీ ఒక ఎత్తే అనుకున్నాను. రెండు రోజులు కనిపెట్టి చూశాను. ఒక్కసారి కూడా ఆయన నావైపు ఆశగా చూడలేదు. సూది గుచ్చుకుంటే వేలు చప్పరించి, పాట ఆగిన చోటునుంచే అందుకున్నాడు. నేను ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది రెండు వేళ్లే కాదు, ఆ రొట్టె ముక్క కూడా అని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

మూడోరోజు పొద్దున్నే యజమాని గదిలోకి వెళ్లాను.

"అయ్యా, ఆ రోజు నేను అరవలేదు. చూడకుండా మీట లాగాను. బాబాయ్ తప్పేమీ లేదు."

ఆయన కళ్లజోడు తీసి నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఇప్పుడెందుకు చెప్తున్నావు? నీతో ఎవరు చెప్పిస్తున్నారు?"

"ఎవరూ లేరండి."

నమ్మలేదు. అయినా రేపటినుంచి రావద్దన్నాడు.

బయటికొచ్చి బాబాయ్‌తో చెప్పాను. ఆయన నవ్వలేదు. మూడు వేళ్లున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పని పోయినవాణ్ని నేను, ఓదార్చాల్సింది ఆయన్ని. "ఊరుకో బాబాయ్, ఇంకో పని దొరక్కపోదు" అన్నాను. అంత నిబ్బరంగా మాట్లాడుతున్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.