ఈడ ఎవరు కూచుంటారు పాపా?

మా చిన్నప్పుడు... శనివారం వచ్చిందంటే నా చేతులకు పేడ కంపు. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి తగిలించానో లేదో అమ్మ తట్ట చేతికిచ్చేది. "పోయి గంగక్క దొడ్లో పేడ ఎత్తుకరాపో."

రొద్దం దగ్గర మా ఊర్లో చర్చి అంటే ఒక మట్టి మిద్దె. నేల కూడా మట్టిదే. ఆదివారం అందరూ కిందనే కూర్చునేవాళ్ళు కాబట్టి శనివారం సాయంత్రం పేడతో అలకాలి. ఆ పని మా అమ్మది. ఎవరూ చెప్పలేదు... తనే పెట్టుకుంది.

పక్కింటి గంగక్క వాళ్ళు మా దేవుణ్ణి మొక్కేవాళ్ళు కాదు. పేడ మాత్రం ఆమె దొడ్డిదే. ప్రతివారం ఎగతాళి... "ఏం పాపా, మా ఆవు పేడ లేకుంటే మీ దేవుడు ఈ వారం కూచోడా?" అంటూనే తట్ట నిండా ఎత్తిచ్చేది.

నాకు ఆ పని అంటే రోత. పచ్చి పేడలో తెల్లటి పురుగులు మెదిలేవి. నీళ్ళు పోసి పిసికితే గోళ్ళలోకి పోయేది, సబ్బు పెట్టి రుద్దినా వదిలేది కాదు. రాత్రి రాగిముద్ద తుంచుకుంటే వేళ్ళనిండా అదే వాసన.

అమ్మకు రోత లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి పరిచి అర్ధచంద్రంలా తిప్పుతూ అలికేది... గోడ వారగా మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గడప దాకా. నోట్లో ఏదో గొణుగుతూ ఉండేది. పాటనుకునేదాన్ని. పాట కాదు, పేర్లు.

మా చర్చిలో ఎవరి చోటు వాళ్ళకుండేది. స్తంభం దగ్గర దావీదప్ప, కాలు చాపుకోవాలి కాబట్టి. కిటికీ కింద సాలమ్మవ్వ, దగ్గు కాబట్టి. చెయ్యి ఆ చోటికి రాగానే అమ్మ ఆ మనిషిని దేవునికి చెప్పేది. "ఈయప్ప కాలు చూడు నాయనా... ఈ ముసలామె దగ్గు తగ్గనీ..." ఆ చోటు అలకడం అయ్యేదాకా ఇంకో మనిషి ఊసు లేదు.

నీళ్ళు చల్లే పని నాది. మధ్యలో నా చూపు బయట ఆడుకునే పిల్లల మీదికి పోయేది. అమ్మ చెయ్యి ఆపేది.

"ఈడ ఎవరు కూచుంటారు పాపా?"

నేను నీళ్ళు నమిలితే... "చెయ్యి ఈడుండాది, మనసు యాడ పోయిండాది?" అనేది. పేరు చెప్పేదాకా కదిలేది కాదు.

తలుపు పక్క చోటు ఇమ్మానుయేలుది. ధర్మవరానికి మగ్గం పనికి పోయి మళ్ళీ రాలేదు. కబురు లేదు, జాబు లేదు. ఆ చోటు దగ్గర అమ్మ అందరికన్నా ఎక్కువసేపు ఉండేది. "రాని మనిషికి ఇంతసేపు ఎందుకమ్మా?" అని విసుక్కున్నా. "మనిషి రాకుంటే చోటు యాడికి పోతాది?" అనింది.

ఒక ఆదివారం పాట మధ్యలో ఆయన నిజంగానే వచ్చాడు. పెనుకొండలో దిగి నడిచొచ్చాడో ఏమో, మోకాళ్ళ దాకా దుమ్ము. ఎవరినీ చూడకుండా నేరుగా పోయి తలుపు పక్క కూర్చున్నాడు. అమ్మ పాట ఆపేసి చేతులు జోడించింది. ఆ పేడ వాసనలో దేవుడు మా పక్కనే ఉన్నాడని నాకు ఆరోజు అనిపించింది.

ఇప్పుడు అమ్మ హిందూపురంలో మా ఇంట్లోనే ఉంది. మేం పోయే చర్చిలో టైల్సు, ఏసీలు, గోడంత తెర, చెవులు చిల్లులు పడే డ్రమ్ములు. కుర్చీలు ఏ వారానికావారం ఎటో జరుగుతాయి. పక్కన కూర్చున్నామె పేరు నాకూ తెలీదు. ఎవరైనా తల వంచుకుని ఉంటే ప్రార్థన అనుకుంటాం, చూస్తే ఒళ్ళో ఫోన్. ముందు వరుసలో ఒకాయన, వాక్యం చెబుతుండగానే ప్లాటు బేరం మెసేజీలు కొడుతున్నాడు... ఛీ! పురుగుల పేడ ముట్టినప్పుడు కూడా నాకు ఇంత రోత పుట్టలేదు.

వచ్చిన కొత్తలో అమ్మ, శనివారం వచ్చి చర్చి నేల తుడుస్తానని అక్కడివాళ్ళను అడిగింది. "దానికి మనుషులుండారులే అవ్వా" అని నవ్వారు. ఇంటికొచ్చి నాతో అనింది... "ఎవరు యాడ కూచుంటారో తెలీదు పాపా. ఎవరి కోసమని అడిగేది? నోట్లో మాటే రాలేదు." నా కళ్ళముందే అమ్మ ప్రార్థన ఎండిపోతోంది. భయమేసింది నాకు.

పోయిన ఆదివారం రెండు కుర్చీల మధ్య ఎట్లనో ఇరుక్కుని మోకరించింది. చాన్నాళ్ళకు ఆ పెదవులు కదిలాయి. నాకు కళ్ళు తడిశాయి. లేచిందో లేదో, కెమెరా పట్టుకున్నతను పరిగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ముఖం సరిగ్గా రాలే. ఇంగోతూరి అట్లే మోకరించు. చేతులు కొంచెం పైకెత్తు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అనింది... "ఒకతూరి చెప్పినా కదప్పా. పైనున్న ఆయప్ప వినిండాడు. మళ్ళా ఎవరికి చెప్పేది?"

అతనికి అర్థం కాలేదు. ఇంకో ముసలామెను వెతుక్కుంటూ పోయాడు.

నిన్న శనివారం. సాయంత్రం వంటింట్లోంచి వచ్చి చూస్తే, అమ్మ హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో నేల తుడుస్తోంది. పొద్దున పనామె తుడిచిపోయిన నేలే. గోడ వారగా మొదలుపెట్టి, అర్ధచంద్రంలా తిప్పుతూ, వెనక్కి జరుగుతూ... సోఫాలో మా అబ్బాయి ఫోన్‌లో మునిగి ఉన్నాడు. వాడి కాళ్ళు తనే ఎత్తి, కింద తుడిచి, వాడి పేరు చెప్పింది. వాడు తల కూడా ఎత్తలేదు.

నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. వీడియో తీసి ఇక్కడే మీ అందరికీ పెడదామని... కెమెరా తెరిచాక గానీ తెలీలేదు నేనేం చేస్తున్నానో. థూ! ఆ కెమెరా అతన్ని వారమంతా తిట్టుకున్న నోరు నాదేనా?

ఫోన్ బీరువాలో పడేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన కూర్చున్నా. అమ్మ చెయ్యి, రోజూ నేను కూర్చునే కుర్చీ దగ్గరికొచ్చి ఆగింది. "ఈడ ఎవరు కూచుంటారు పాపా?" అని అడుగుతుందేమోనని చూశా. అడగలేదు. అక్కడే చాలాసేపు తుడుస్తూ ఉండిపోయింది... అప్పట్లో రాని ఇమ్మానుయేలు చోటు దగ్గర ఉండిపోయినట్టు.

అలికే నేలలు పోయాయి... ఎవరి చోటు ఏదో గుర్తు పెట్టుకునేవాళ్ళూ పోతున్నారు. మీ ఇంట్లో మీ చోటు దగ్గర ఆగి మీ పేరు చెప్పిన మనిషి ఎవరు? ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి.

ఫోటో మాత్రం అడగొద్దండి... తీయలేదు.