అత్త నిలబడిన ఎన్నిక

మొన్న నంద్యాల బస్టాండు ఎదురుగా కొత్త ఫ్లెక్సీ కట్టారు. మా ఊరి సర్పంచి ఏకగ్రీవంగా ఎన్నికైనందుకు శుభాకాంక్షలట. నడుమ నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నది మాత్రం మా ఊరి పక్కన కంకర క్రషర్లు నడిపే ఆసామి. ఆయన తలపైన పార్టీ నాయకుల మొహాలు చందమామల్లా వరసగా తేలుతున్నాయి. సర్పంచి అయినావిడ కింద మూలన పాస్‌పోర్టు ఫొటో అంత ఉంది, అదీ ఏ పెళ్లి ఫొటోలోంచో కత్తిరించినట్టు పక్కన ఎవరిదో భుజం కనపడుతోంది. ఆటో కోసం నిలబడినదాన్ని దాన్నే చూస్తూ ఉండిపోయాను. మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే దారిన పోయేవాళ్లందరికీ వినపడేట్టు ఏదో ఒకటి అనేది. ఏమనేదో ఊహించుకోబోతే మాట దొరకలేదు, గొంతు మాత్రం వినపడింది.

అత్త మా నాయనకు అక్క. ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో మా ఊరు. మామ చిన్నవయసులోనే పోయాడు, పిల్లల్లేరు. ఊరి బడిలోనే టీచరుగా చేసి అక్కడే రిటైరైంది. ఊళ్లో సగంమంది చెవులు ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతిలో ఎర్రబడినవే. క్రిస్మస్ తర్వాత ఆమెకు అంత ఇష్టమైన రోజు ఓట్ల రోజు. ముందురోజే గంజిపెట్టిన తెల్లచీర ఇస్త్రీ చేసుకునేది. పొద్దున్నే, పోలింగు సిబ్బంది పళ్లు తోముకుంటుండగానే పోయి బడి గేటు ముందు నిలబడేది. ఓటేసి వచ్చాక, ఆరని సిరా వేలు పైకెత్తి పట్టుకుని, మరో చేత్తో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేది. వాళ్లమ్మ, అంటే మా జేజి, కూలిపని చేసిన మనిషి. ఏడాదంతా ఎవరింటికి పోయినా గడప బయటే నిలబడే జేజి, ఓట్ల రోజున వరసలో ముందుంటే వెనకాల పొలం ఆసామి నిలబడ్డాడట. ఆ సంగతి అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్లా ఆ ఆసామి తలపాగా రంగు మారేది. ఒకసారి ఎరుపు, ఒకసారి పసుపు. నేను ఎత్తిచూపితే, "రంగు యాడైనా పోనీ పాపా, నిలబడిండేది నిజం" అనేది.

క్రషర్ ఆయన చెడ్డమనిషని మా ఊళ్లో ఎవరూ అనరు. పెళ్లికి షామియానా, చావుకు ఐసుపెట్టె ఆయన ఇంటినుంచే వస్తాయి. ఏ పార్టీ పైకొస్తే ఆ పార్టీ సభలకు లారీలు, భోజనాలు ఆయన ఖర్చు. గెలిచినవాళ్లు ఆయనకు రోడ్ల పనులిస్తారు. ఆ రోడ్లు రెండు వానలకు లేచిపోతాయి, మళ్లీ ఆయనకే పని. ఇట్లా అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కొన్నేళ్ల కిందట సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చింది. ఆయన తన కోడలిని నిలబెట్టాడు. పార్టీ వాళ్లు సరేనన్నారు, ఎదుటి పార్టీ వాళ్లతోనూ మాట్లాడుకున్నాడు. ఇంక ఎవరూ పోటీ రాకపోతే మసీదుకు ప్రహరీగోడ, గుడికి మండపం, మా చర్చికి స్లాబు వేయిస్తానన్నాడు.

మా చర్చిది రేకుల కప్పు. వానాకాలంలో అయ్యగారి వాక్యం వినపడదు, వానే వినపడుతుంది. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఆ సంగతి ప్రకటించగానే అందరూ పైకి, తుప్పుపట్టిన రేకుల వైపు చూశారు. నంద్యాలలో టీచరుగా చేసే నేను ఆ వారం ఊళ్లోనే ఉన్నాను. అత్త లేచి నిలబడింది.

"అంటే ఈసారి ఓట్లు ఉండవా, అయ్యగారూ?"

"ఏకగ్రీవం అంటే అందరూ ఒక మాట మీద ఉండడం గదా టీచరమ్మా. ఐక్యత."

"ఒక మాట మీద ఉండారని ఎట్ల తెలిసె? నన్నెవురూ అడగలేదే. అడిగేదానికే గదయ్యా ఓట్లు పెట్టేది."

ఇంటికొచ్చాక ఏం చేస్తావత్తా అని అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా, "నేనే నిలబడతా. ఇంగెవురుండారు?" అంది.

నామినేషన్‌కు ఆమె పేరును ప్రతిపాదిస్తూ ఊరి ఓటరు ఒకరు సంతకం చేయాలి. బంధువులు జ్వరాలు తెచ్చుకున్నారు. ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు సంతకం రాదన్నారు. చివరికి ఎదురింటి మామ వచ్చాడు. పరుపులు కుట్టే ముస్లిం ఆయన, వీధిలో పిల్లలందరికీ మామ, అత్త మాత్రం తమ్ముడనేది. ఆళ్లగడ్డలో ఆయన అంగడి ఉన్నది క్రషర్ ఆయన కాంప్లెక్సులోనే. అత్త ఆ మాటే అడిగింది. "అంగడి సంగతి తర్వాత సూద్దాంలే అక్కా. ఈ పెద్దమనుషులు మన గడపకొచ్చి దండం పెట్టేది అయిదేండ్లకొక తూరి. అది గూడా లేకుండా చేస్తాండారు" అని సంతకం పెట్టాడు.

నామినేషన్ నిలిచింది. ఆ సాయంత్రమే ఇద్దరు మనుషులు సున్నిపెంటలో మా నాయన క్వార్టర్స్‌కు పోయారు. నాయన అక్కడ శ్రీశైలం డ్యామ్ ఆఫీసులో గుమాస్తా. వాళ్లు కాఫీ తాగి, మర్యాదగా, "శ్రీకాకుళం యాడుంటాదో తెలుసా అన్నా? ఆడికి బదిలీ అయితే శానా కష్టం" అని చెప్పి వచ్చారు. మా నాయన, పోస్టుమ్యాన్ గట్టిగా పిలిచినా ఉలిక్కిపడే రకం. మర్నాడే ఊరికి వచ్చి అక్క మీద అరిచాడు. ఆయన అరవడం నేను అదే మొదటిసారి చూడడం.

"గెలుస్తావా నువ్వు? గెలవవు. మళ్లా ఎందుకక్కా ఇది?"

"గెలిచేదానికని ఎవురు చెప్పినార్రా? పెట్టెలో ఓటు పడాల. అంతే."

"అందురూ నిన్ను తిడతాండారు."

"తిట్టనీ. తిట్టినోళ్లు గూడా వరసలో నిలబడతారు గదా."

నాయన అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో చాలాసేపు తుడుచుకుని, "బట్టలు సర్దుకో" అన్నాడు. "వాపసు తీసుకునే గడువు అయిపోయేదాకా నా కాడ ఉందువు. ఈడుంటే నిన్ను నిలవనీరు." మా నాయన జీవితంలో అంతకంటే ధైర్యమైన మాట అన్నట్టు నాకు తెలియదు.

నేనూ బడికి సెలవు పెట్టి వెంట పోయాను. నంద్యాలలో బస్సెక్కి, ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కుతుంటే అత్త కిటికీ పక్కన కూర్చుని, పారిపోతున్న మనిషిలా కాక పిక్నిక్‌కు పోతున్న పిల్లలా కోతులకు బొరుగులు విసిరింది. సున్నిపెంట క్వార్టర్స్ వెనక చిన్న వరండా, దాని అవతల అంతా అడవి. మా అమ్మ జొన్నరొట్టె కొడుతుంటే ఆ చప్పుడుకు తాళం వేస్తూ అత్త కీర్తనలు పాడేది. నాయన ఆఫీసు నుంచి వచ్చి, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, అక్క పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ చిన్నప్పుడు శనక్కాయ చేలో దొంగతనంగా పీక్కుతిన్న కాయల గురించి పోట్లాడుకునేవాళ్లు. భయంతో గడిచిన రోజులవి. తలచుకుంటే మాత్రం వంటింట్లో రొట్టె కాలే వాసన, వాళ్లిద్దరి నవ్వు తప్ప ఏమీ గుర్తుకు రావు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఆ వరండాలో ఇంకొక్క సాయంత్రం కూర్చోనిస్తే చాలుననిపిస్తుంది.

గడువు దాటింది. అత్తకు కత్తెర గుర్తు వచ్చింది. ప్రచారానికి ఖర్చేమీ లేదు. పరుపుల మామ తన పెద్ద కత్తెర పట్టుకుని ఆమె వెంట వీధుల్లో తిరిగాడు. అది చూసి పిల్లలు పారిపోయారు, పెద్దవాళ్లు తలుపులు వేసుకున్నారు. తలుపు వేసిన ప్రతి ఇంటిముందూ ఆగి అత్త ఒకటే చెప్పేది. "నాకెయ్యకపోయినా పర్లేదు. వచ్చి ఎయ్యండి."

వచ్చారు. ఓట్ల రోజు పొద్దున బడి ముందు వరస గేటు దాటి రోడ్డెక్కింది. ముసలివాళ్లు మంచిబట్టలు కట్టుకుని, జోకులేసుకుంటూ నిలబడ్డారు. అంతలో క్రషర్ ఆయన కారు దిగాడు. ఆయన మనుషులు వరస పక్కనుంచి నేరుగా లోపలికి తీసుకుపోతుంటే అత్త గొంతు లేచింది. "ఏమప్పా, యాడికి పోతాండావ్? వరసలో రా." ఆయనా చిన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. చెయ్యి తెలియకుండానే చెవి దాకా పోయింది. చిన్నగా నవ్వి, వెనక్కి నడిచి, వరస చివర ఒక కూలీ ఆడమనిషి వెనకాల నిలబడ్డాడు. అత్త నావైపు చూసింది. ఆ చూపులో జేజి ఉంది.

సాయంత్రం లెక్కింపులో అత్త ఓడిపోయింది. కానీ గెలిచినామెకు పడిన వాటిలో మూడో వంతు దాకా ఈమెకూ పడ్డాయి. ఎవరూ అనుకోలేదు, అత్త కూడా.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఏకగ్రీవం కాలేదు గనుక స్లాబు రాలేదు. నాయనను శ్రీకాకుళం పంపలేదు గానీ, మామ అంగడి ఖాళీ చేయించారు. ఆయన నంద్యాలకు వచ్చి తోపుడు బండి మీద పరుపులు కుట్టడం మొదలుపెట్టాడు. అత్త ఆయన్ను చూడడానికి వచ్చి బండి పక్కన ఏడ్చింది. "నా వల్లనే గదా తమ్ముడూ" అంటే, "సంతకం నాది గదక్కా, నీ వల్లెట్లా అయితాది?" అని ఆమెకు టీ తెప్పించాడు. చర్చిలో అత్త పక్కన కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. ఆమె మాత్రం విచిత్రంగా మెత్తబడింది. మొహం తిప్పుకుపోయే ప్రతి మనిషినీ ఎంతో ప్రేమగా చూసేది. ఎందుకత్తా అంటే, "ఎవురేసినారో తెలీదు గదా పాపా. ఈమె అయినా వేసిండొచ్చు" అనేది. కడదాకా అట్లాగే, ఊరందరినీ తనకు ఓటేసినవాళ్లుగానే చూసింది.

ఆమె పోయినప్పుడు ఊరంతా వచ్చింది. సమాధి దగ్గర ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "టీచరమ్మకు నేను..." అని ఆగి, చుట్టూ చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఊళ్లో సర్పంచికి మళ్లీ ఓట్లు జరగలేదు. అడ్డుపడేవాళ్లు లేరు. స్లాబూ వచ్చింది, మండపమూ వచ్చింది.

ఈమధ్య ఊరికి పోతే ఓటు వచ్చిన పిల్లలు కనపడతారు. పెద్ద ఎన్నికల్లో వేశారు గానీ, సొంత ఊరి సర్పంచికి ఓటేయడం ఎట్లుంటుందో వాళ్లకు తెలియదు. చెబితే మర్యాదగా వింటారు, వాళ్లు పుట్టకముందు ఎండిపోయిన ఏదో వాగు గురించి విన్నట్టు. కాలం ఒక మనిషిని తీసుకుపోతే ఊరంతా చేరి ఏడుస్తుంది. ఒక రోజును తీసుకుపోతే మాత్రం, అది ఇంక రాదని తెలియడానికే ఏళ్లు పడుతుంది.