కత్తెరతో కోసిన తుపాను

రెండేళ్ల క్రితం, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. అరకులో ఒక రిసార్టు వెనక పచ్చిక మీద మా స్టూడియో పనిలోకి దిగింది. మేం నలుగురం చిత్రకారులం, ఒక సౌండ్ ఇంజనీరు. కంపెనీల కోసం ఇమ్మర్సివ్ ఇన్‌స్టలేషన్లు కడతాం. అంటే బొమ్మను దూరం నుంచి చూడటం కాదు. చూసేవాళ్లు బొమ్మలోకే నడిచి వెళ్తారు.

ఈసారి క్లయింటు రెయిన్‌కోట్ల కంపెనీ. "కొండ మీద తుపానులో చిక్కుకున్నట్టుండాలి మేడమ్. ఎగ్జిట్ కనబడిందంటే ఆ ఫీల్ పోతుంది," అన్నాడు వాళ్ల మేనేజరు కిరణ్. అందుకని ఇనుప గొట్టాలకు నల్లగుడ్డ గోడలు కట్టి, మెలికల దారి వేసి, బయటికెళ్లే తెరను ఆఖరి మలుపు వెనక దాచాం. పైనుంచి సన్నని జల్లు. నేల దగ్గర సబ్‌వూఫర్లు, చెవికన్నా ముందు గుండెకు తగిలే మోత పుట్టించే స్పీకర్లు. ఈ గది ప్లాను గీసింది నేనే. అయినా ఆ వారమంతా ఒకచోట నిలవలేకపోయాను. కట్టిన తాళ్లే మళ్లీ బిగిస్తూ, ఏదో మరిచిపోయినట్టు ఆ గుడ్డ గది చుట్టూ తిరిగాను.

గుడ్డలన్నీ కుట్టింది రూతమ్మ. పెదబయలు వైపు నుంచి వచ్చి అరకు బజారులో మిషను పెట్టుకున్న మనిషి. ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం ట్రయల్ చేస్తుంటే, "నాను కుట్టిందే కదా, ఓపాలి సూసొత్తానమ్మా," అని లోపలికెళ్లింది.

జల్లు మొదలైంది. ఉరిమింది. నేల వణికింది. వెంటనే కేక.

"ఆపండి!" అని నేను పరిగెత్తేలోపే గుడ్డ చిరిగిన చప్పుడు. నడుముకు కట్టుకున్న కత్తెరతో గోడను నిలువునా కోసి, రూతమ్మ ఎండలోకి వచ్చి పడింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.

"ఆ సప్పుడమ్మా... మా ఊళ్లో కొండ జారినప్పుడు అచ్చం అలాగే వచ్చినాది. తలుపు మట్టితో బిగిసిపోనాది. నాను బయటున్నాను. మాయమ్మ లోపలుండిపోనాది."

ట్రయల్ చూడ్డానికి వచ్చిన కిరణ్ అప్పటికే చీలిక దగ్గరున్నాడు. "రేపే ఓపెనింగ్! ముందు ఇది కుట్టించండి."

రూతమ్మ ముఖం తుడుచుకుని లేచింది. "నానే కోసినాను. బేగి కుట్టేత్తాను బాబూ."

"చీలికను మూసెయ్యొద్దు, దారిగా ఉండనీ," అన్నాను. "అంచులు మడిచి కుట్టు చాలు. ఉరుము కూడా తీసేస్తున్నాం."

"మేం అడిగింది ఇది కాదు!"

"కాదు. వద్దనుకుంటే మా పేరు తీసేసి మీరే నడుపుకోండి."

సాయంత్రం దాకా ఫోన్లు నడిచాయి. చివరికి కిరణ్, "కానివ్వండి," అని విసురుగా వెళ్లిపోయాడు. రూతమ్మ మళ్లీ లోపలికి అడుగుపెట్టలేదు. బయట స్టూలు వేసుకుని అంచులు కుట్టింది.

మర్నాడు ఒక పెద్దాయన జల్లులో నాలుగడుగులు వేసి, బెదిరి, చీలికలోంచి తల బయటపెట్టాడు. పచ్చిక, కొండలు, జనం. ఊపిరి తీసుకుని, తనంతట తనే వెనక్కి తిరిగి వానలోకి నడిచాడు. చాలాసేపు రాలేదు. కిరణ్ అది చూశాడు. ఆ కంపెనీ మళ్లీ మమ్మల్ని పిలవలేదు.

బయటికి దారి కనిపిస్తేనే మనిషి లోపల నిలబడగలడని ఆ పని నాకు నేర్పింది. ఇప్పుడు కాగితం మీద ముందు తలుపు గీస్తాను, తర్వాతే గది. కానీ అది అక్కడితో ఆగలేదు. సినిమా హాల్లో, ఆసుపత్రిలో, చివరికి చుట్టాలింట్లో కూడా, కూర్చోకముందే నా కళ్లు తలుపు ఎక్కడుందో వెతుక్కుంటాయి.