మామయ్య చేతిలో పడ్డ తుపాకీ

మా మామయ్య తుపాకులు రిపేరు చేస్తాడు. ఆయన చేతిలో పడ్డ తుపాకీ ఒక పట్టాన ఇంటికి వెళ్లదు. ఎవరు అడిగినా ఒకటే జవాబు, స్ప్రింగ్ రావాలని. ఎక్కడి నుంచి రావాలో ఆయనకే తెలియాలి. కౌంటరు దగ్గర కూర్చుని ఆ మాట చెప్పి చెప్పి, నాకు కలలో కూడా స్ప్రింగ్ రావడం లేదు.

షాపు బెంచీ మీద రోజూ ఒకటే వాదన. ఇంట్లో తుపాకీ ఉంటే దొంగకన్నా ముందు ఇంట్లోవాళ్లే పోతారు, మంచి తాళం ఒకటి చాలని తాళాల షాపాయన అనేవాడు. దొంగ తాళం బద్దలుకొట్టి వస్తే తాళంచెవి చూపించి భయపెడతావా అని బేకరీ ఆయన అడిగేవాడు. మామయ్య ఇద్దరికీ తలూపేవాడు. ఇద్దరూ గెలిచామనుకుని వెళ్లేవారు. మర్నాడు మళ్లీ మొదటికొచ్చేది. వినీ వినీ నాకు విసుగు కూడా రావడం మానేసింది.

ఇంతలో బేకరీ ఆయనకు, పై అంతస్తులో ఉండే సొంత తమ్ముడికి నీళ్ల మోటారు దగ్గర గొడవైంది. ఎవరి వంతు ముందన్నదే తగువు. చొక్కాలు చిరిగేదాకా వెళ్లింది. అంతకుముందే రిపేరుకిచ్చిన తుపాకీ కోసం ఆయన పరుగున వచ్చాడు.

"వాడు మళ్లీ కిందికి దిగితే ఆత్మరక్షణకు కావాలి. ఇవాళ ఇస్తారా, ఇవ్వరా?"

"స్ప్రింగ్ రావాలండి," అన్నాడు మామయ్య.

ఆయన మమ్మల్ని నానా మాటలూ అని వెళ్లాడు. నాకు ఒళ్లు మండి, ఆ స్ప్రింగేదో నేనే వెతుకుదామని బీరువా తీశాను. బేకరీ ఆయన తుపాకీ నూనె పట్టించి, గుడ్డ చుట్టి, సిద్ధంగా ఉంది. పక్కనున్నవీ అంతే.

"ఇదేంటి మామయ్యా, అయిపోయిందిగా?"

"ఎప్పుడో అయిపోయింది రా. పందులు పొలంలో పడుతున్నాయంటే వెంటనే ఇచ్చేస్తాను. మనిషిని చూపించి అడిగితే ఎలా ఇవ్వను?"

"నిన్ను చేతకానివాడంటున్నారు."

"అననీ. నన్ను తిట్టినంతసేపు తమ్ముణ్ణి తిట్టడు కదా."

ఆ మాటకు ఆయన మీద ప్రేమ పొంగింది. కౌంటరు దగ్గర ఆ తిట్లలో సగం తినేది నేనేనని గుర్తొచ్చి నీరసమూ వచ్చింది.

కొన్నాళ్లకు బేకరీ ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మళ్లీ గొడవేమోనని నేను గబగబా బీరువా తాళం వేశాను. తీరా చూస్తే మోటారు కాలిపోయిందట, అన్నదమ్ములిద్దరూ కలిసి వీధి కుళాయి నుంచి బకెట్లు మోసుకుంటున్నారట. తమ్ముడు నేరుగా మామయ్య మీద పడ్డాడు. మా అన్నయ్యను ఇన్నిసార్లు తిప్పుతారా, మర్యాద తెలియదా అని కడిగేశాడు.

"గట్టిగా అడగరా," అన్నాడు అన్న పక్కనుంచి.

ఇద్దరూ వంతులవారీగా తిట్టారు. ఈసారి వంతుల దగ్గర తగువే రాలేదు. మామయ్య తలొంచుకుని అంతా విన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తిట్లు అయ్యాక బీరువా తీసి, తుపాకీ తెచ్చి తమ్ముడి చేతికిచ్చాడు.