నాడాల మేస్త్రి చూసిన బూట్లు

నా పాదాలు చేటలంత ఉంటాయి. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను గానీ, నేను అనుకోవచ్చు. మా నాన్న మిరపతోటల్లో కూలికి వెళ్ళేవాడు, వెనకాలే నేను. పదహారేళ్ళు వచ్చేదాకా నాకు చెప్పుల్లేవు. ఉన్నవాళ్ళైనా మా నల్లరేగడిలో వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే, లేకపోతే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది. వేళ్ళతో నేలని పట్టుకుని నడిచీ నడిచీ పాదాలు అలా విచ్చుకుపోయాయి. ఆ పాదాలతోనే వినుకొండలో ఆడపిల్లల మిషన్ స్కూలుకి డ్రిల్లు టీచర్నయ్యాను. ఆ పాదాలే అరవై నాలుగులో నన్ను డార్జిలింగు దాకా పోనిస్తాయా లేదా అన్న ప్రశ్న తెచ్చిపెట్టాయి.

ఆడ టీచర్లకి కొండలెక్కడం నేర్పే నెల రోజుల శిక్షణ అది. మా జిల్లా మొత్తానికి ఒక్క పిలుపు వచ్చింది, అది నాకు. ఉత్తరం నేను ఎన్నిసార్లు పైకి చదివానో, హాస్టలు పిల్లలకి కంఠతా వచ్చేసింది. దాంతోపాటు ఒక ఫారం. బూట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. వాటితో దగ్గర్లో ఉన్న కొండ ఎక్కి దిగాక పాదాలకి ఒక్క బొబ్బ కూడా లేదని హెడ్మిస్ట్రెస్ రాసివ్వాలి. బూట్లు సరిచూసిన మనిషి పేరు, వృత్తి, సంతకం కూడా ఉండాలి. ఏప్రిల్ నెలాఖరుకి ఫారం అందకపోతే నా చోటు ఇంకొకరికి పోతుంది.

కొండకేం, వినుకొండలో ఏ గుమ్మంలో నిలబడ్డా కనిపిస్తుంది. లేనిదల్లా బూట్లే.

గుంటూరు వెళ్ళి కరీముల్లా గారి కొట్లో కొన్నాను. ఆయన మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న సామాన్లతో పాటు కొత్త బూట్లు కూడా అమ్ముతాడు. నల్లగా నిగనిగలాడుతూ, ముందు సన్నగా ఉన్న జత నా కంటికి నచ్చింది. కాలు మాత్రం దూరనంటే దూరనంది.

"తోలే కదమ్మా, నాలుగు రోజులు తొడిగితే సాగుతుంది," అన్నాడు కరీముల్లా గారు.

ఆయన చెప్పాలా? మా వైపు చెప్పులు కొనేదే బిగువుగా. ఇంటికి తెచ్చి ఆముదంలో నానబెడితే తోలు మెత్తబడి పాదానికి సరిపోతుంది. మా నాన్న అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు. నేనూ బూట్లలో ఆముదం పోసి మూడు రోజులు నానబెట్టాను. నాలుగో రోజు కాలు హాయిగా దూరింది. సంబరంగా కొండెక్కాను. ఎక్కేటప్పుడే మడమలు లోపల జారుతూ ఒరుసుకున్నాయి. దిగేటప్పుడు అడుగడుక్కీ బొటనవేళ్ళు వెళ్ళి బూటు ముందు గోడకి గుద్దుకున్నాయి. సగం దారిలో బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్ళతో దిగాను. బజారంతా చూసింది.

మా హెడ్మిస్ట్రెస్ రెబ్కా గారు నా కాళ్ళ మీద నాలుగు బొబ్బలు లెక్కపెట్టారు. "జయా, ఇవి చూసి నేనెలా సంతకం పెట్టనమ్మా?" అన్నారు. అక్కడ బింకంగానే నిలబడ్డాను. గదికి వచ్చాక ఏడ్చాను. ఏడుపు సగం, కోపం సగం.

గౌస్ బాషా గారి పాక మా స్కూలు వెనక సందులో, బండ్లు ఆగేచోట. ఎద్దులకి నాడాలు కొట్టడం ఆయన పని. నల్లరేగడిలో దున్నుకునే ఎద్దుకి నాడా అక్కర్లేదు. మిరపకాయల బస్తాలు వేసుకుని కంకర రోడ్డు మీద గుంటూరు పోయే ఎద్దుకే కావాలి. గిట్టకి రెండు చొప్పున ఇనుప బిళ్ళలు, మేకులు గిట్ట లోపలి కండకి తగలకుండా కొట్టాలి. ఎద్దు రాగానే పడేసి కాళ్ళు కట్టేసేవాళ్ళు వేరేచోట ఉన్నారు. ఈయన ముందు బండివాడి చేత దాన్ని మూడుసార్లు అటూ ఇటూ నడిపిస్తాడు. తను నేల మీద కూర్చుని ఆ కాళ్ళనే చూస్తాడు. ఒకసారి ఓ మోతుబరి ఒంగోలు గిత్తని తోలుకొచ్చి, పందేల్లో మెరవాలి, సన్న నాడాలు వెయ్యమన్నాడట. "నేను వింటాను నీ మాట, దాని గిట్ట వినదయ్యా," అని వెనక్కి పంపేశాడు.

మర్నాడు నేను కుంటుకుంటూ ఆ సందులో పోతుంటే కేకేశాడు.

"ఆగండి టీచరమ్మా! కుడి మడమ ఎత్తి నడుస్తున్నారే. ఏం తొడిగారేంటి?"

"మీకెందుకండీ?" అన్నాను. నా కోపం అంతే, దారిన పోయేవాళ్ళ మీద వాలుతుంది.

"నాకెందుకా? నలభై ఏళ్ళుగా కాళ్ళు చూసి బతుకుతున్నాను. కుంటేవాళ్ళని చూస్తే అన్నం సయించదు నాకు."

ఆయన భార్య రహమతున్నీసా గారు పాకలోంచి నవ్వింది. "అది నిజమే తల్లీ. పెళ్ళిలో ఈయన ముందు నా కాళ్ళు చూశాడు. మొహం మర్నాడు చూశాడు."

నవ్వొచ్చాక ఇంకేం కోప్పడతాం? బూట్లు తెచ్చి చూపించాను. ఆయన వాసన చూసి దూరంగా పెట్టాడు.

"ఆముదం పోశారా! వీటిని పిండితే నెల్రోజులు దీపం పెట్టుకోవచ్చు. చెప్పుకి ముందూ వెనకా ఏముందమ్మా? ఏం లేదు. వదులైతే కాలు బయటికి పోద్ది. బూటుకి చుట్టూ గోడలు. వదులైతే కాలు లోపలే జారి గోడకి గుద్దుకుంటది. పైగా తోలు వెడల్పుకి సాగుద్ది గానీ పొడుగుకి సాగదు."

నన్ను ఎద్దుని నడిపించినట్టే మూడుసార్లు నడిపించాడు. బండ్లవాళ్ళు చుట్టూ చేరి నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. "మీ ఎద్దుల పని చూసుకోండి!" అని అరిచాను.

అరిచానే గానీ, ఆయన మాటలో నిజం నా మడమలకి తెలుసు. బొబ్బలు మానాక నేనూ బాషా గారూ రైల్లో గుంటూరు వెళ్ళాం. ఆయన తిన్నగా కొట్టుకి పోనిస్తేనా! ఏప్రిల్ ఎండలో మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ సాయంత్రం నాలుగింటిదాకా నన్ను బజార్లన్నీ తిప్పాడు. "పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు. నడిచిన కాలుకే కొలత తియ్యాలి," అన్నాడు. కొట్లోకి వెళ్ళగానే కొండమీద తొడుక్కునే ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, ఒకదాని మీద ఒకటి వేయించాడు. కరీముల్లా గారు విసనకర్ర ఆపి మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు.

బాషా గారు ఆరు జతలు కాదన్నాడు. ముడి వెయ్యకుండా కాలు ముందుకు తోయమంటాడు, మడమ వెనక తన వేలు పెట్టి చూస్తాడు. వేలు దూరాలి. తర్వాత తాళ్ళు బిగించి నడవమంటాడు. మడమ లేవకూడదు. అదీ అయ్యాక ఖాళీ పెట్టె మీద బల్ల ఏటవాలుగా వేసి, దాని మీదినుంచి ధబధబా దిగమంటాడు. ఏడో జత దగ్గర ఆగాడు. మట్టిరంగు మిలిటరీ బూట్లు, ముందు భాగం వెడల్పుగా, మగవాళ్ళ ఎనిమిదో నంబరు.

"ఇవా! ఇవి వేసుకుంటే నన్ను ఆడదాన్నంటారా?" అన్నాను.

"కొండ మీద మీ బూట్లు చూసేదెవరండీ? పక్కవాళ్ళు వాళ్ళ బొబ్బలు చూసుకుంటుంటారు," అన్నాడు బాషా గారు.

ఒళ్ళు మండి, ఆ బల్ల మీద కసిగా కాళ్ళు తాటించాను. వేళ్ళు ముందు తగల్లేదు. ఇంకోసారి తాటించాను. తగల్లేదు. నా చేట పాదం బూట్లో వేళ్ళు విప్పుకుని హాయిగా ఉంది. పుట్టాక మొదటిసారి ఒక పాదరక్ష నా కాలుని చూసుకుని నన్ను సిగ్గుపడనివ్వలేదు. కోపం ఎటు పోయిందో పోయింది.

పది రోజులు, మొదట గంటసేపు, తర్వాత పూటంతా, వాటితోనే డ్రిల్లు చేయించాను. పిల్లలు సెల్యూట్లు కొట్టారు. ఆముదం సీసా రహమతున్నీసా గారికి ఇచ్చేశాను.

కొండెక్కిన రోజు రెబ్కా గారు కింద కుర్చీ వేసుకుని, గొడుగుతో, ఫారంతో కూర్చున్నారు. బాషా గారు నా వెనకాలే ఎక్కాడు. పైన, దిగబోయే ముందు, "ఇప్పుడు తాళ్ళు మళ్ళీ బిగించు, అమ్మాయ్," అన్నాడు. మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. దిగి వచ్చి మేజోళ్ళు విప్పాను. రెబ్కా గారు మడమలు నొక్కారు, వేళ్ళ సందులు చూశారు.

"ఏం లేదే!" అన్నారు. సంతకం పెట్టేశారు. తర్వాత కలం ఆపారు. "జయా, సరిచూసినవారు అన్నచోట కరీముల్లా గారి పేరు రాద్దామా? బూట్ల వ్యాపారి అంటే బాగుంటుంది. ఎద్దులకి నాడాలు కొట్టే మనిషి అని ఉంటే ఆటలాడుతున్నామనుకుని ఫారం తిప్పి పంపితే? మళ్ళీ పంపడానికి గడువు లేదు."

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క నిమిషం నేనూ సరేననబోయాను. నాకు డార్జిలింగు కావాలి. అంతగా ఇంకేదీ ఎప్పుడూ కోరుకోలేదు. బాషా గారే కల్పించుకున్నాడు. "ఆయన పేరే రాయండమ్మా. బూట్లు ఆయనవేగా," అని, అటు పోతున్న ఎద్దుల వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తిరగడం చూసేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆయన అమ్మాడు. నా కాలు చూసింది మీరు," అని ఫారం లాక్కుని నేనే రాశాను. షేక్ గౌస్ బాషా గారు, నాడాల మేస్త్రి, వినుకొండ. ఆయన నేల మీద కూర్చుని, కలం గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు.

పదిహేను రోజులు పోస్టుమాన్ కోసం గేటు దగ్గర పడిగాపులు పడ్డాను. రెబ్కా గారు చెప్పినట్టే అయితే ఎలాగని రోజూ గుబులే. చివరికి రమ్మని ఉత్తరం వచ్చింది. వృత్తి గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు.

నెల తర్వాత తిరిగి వచ్చినప్పుడు, మంచు ఎలా ఉంది, ఎంత ఎత్తు ఎక్కావు అని రైలు స్టేషన్ నుంచీ అందరూ అడుగుతూనే ఉన్నారు. నేను హాస్టలుకి పోకుండా ముందు ఆ పాకకి వెళ్ళాను. బండ్లవాళ్ళందరూ చూస్తుండగా పీట మీద కూర్చుని బూట్లు విప్పి, రెండు పాదాలూ ఆయన ముందు చాపాను.

ఆయన మడమ నుంచి చివరి వేలి దాకా నిదానంగా చూసి, లోపలికి కేకేశాడు. "ఏమేవ్, ఇటు రా! అంత కొండెక్కి దిగొచ్చింది, ఒక్క బొబ్బ లేదు చూడు!"